48 గంటల రోటాలో సైకియాట్రీ నేర్చుకోవడం ఎలా? యూకేలో కోర్ ట్రైనింగ్‌కి వచ్చేవాళ్ళకి

యూకేలో కోర్ సైకియాట్రీ ట్రైనింగ్‌లో, అంటే సైకియాట్రిస్ట్ కావడానికి చేసే మొదటి మూడేళ్ళ ట్రైనింగ్‌లో, చేరబోయే మనవాళ్ళు చాలామందికి ఒకటే అనుమానం, వారానికి 48 గంటలే పని అంటే ఇంక కేసులు ఎప్పుడు చూస్తాం, మూడేళ్ళలో ఏం నేర్చుకుంటాం అని. అనుమానం న్యాయమైనదే, కానీ దెబ్బ ఎక్కడ పడుతుందో మాత్రం చాలామంది తప్పు అంచనా వేస్తారు. గంటలు తగ్గినందువల్ల మన సబ్జెక్ట్‌లో పోయేది కొంచెమే. ఆ గంటల్ని షిఫ్టులుగా ముక్కలు చేసి కొన్ని రాత్రిలోకి తోసేసరికి పగటి రోజులు పోతాయి, అసలు నష్టం అక్కడ, ఎందుకంటే సైకియాట్రీలో నేర్చుకోవాల్సింది ఎక్కువ భాగం పగలే జరుగుతుంది. వార్డ్ రౌండ్, టీమ్ మీటింగ్, కన్సల్టెంట్‌తో (సీనియర్ డాక్టర్‌తో) సూపర్‌విజన్, సైకోథెరపీ పేషెంట్, బాలింట్ గ్రూప్ (కేసుల గురించి ట్రైనీలు కలిసి మాట్లాడుకునే గ్రూప్), ఎమ్మార్సీసైక్ (సైకియాట్రీ మెంబర్‌షిప్ పరీక్ష) టీచింగ్, ఇవేవీ రాత్రి రెండింటికి ఉండవు కదా. అందుకే నేను చెప్పేది ఒకటే, రోటాని, అంటే మీ షిఫ్టుల పట్టికని, డ్యూటీ లిస్ట్ లాగా చూడకండి, మీ ట్రైనింగ్ ప్లాన్ లాగా చూడండి, చేతికి రాగానే కూర్చుని లెక్కేసుకోండి. ఎలా అనేది కింద వివరంగా రాస్తున్నా.

ముందు రూల్స్, క్లుప్తంగా

యూరప్ వర్కింగ్ టైమ్ డైరెక్టివ్ 1993లో వచ్చింది, బ్రిటన్‌లో 1998 వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్ పేరుతో చట్టమైంది. ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లని మొదట్లో దాన్నుంచి మినహాయించారు, తర్వాత 2004 ఆగస్టులో 58 గంటలతో మొదలుపెట్టి, 2007లో 56 చేసి, 2009 ఆగస్టుకి 48కి తెచ్చారు. బ్రెగ్జిట్ అయ్యాక కూడా ఆ 1998 రెగ్యులేషన్స్ అలాగే నడుస్తున్నాయి. 48 అంటే ప్రతి వారం 48 అని కాదు, 26 వారాల మీద సగటు, కాబట్టి ఒక వారం 70 దగ్గరికి పోయి ఇంకో వారం 35 ఉండొచ్చు, రెండూ రూల్ ప్రకారమే. ఇంగ్లండ్‌లో దీని మీద 2016 కాంట్రాక్ట్ రూల్స్ ఇంకో పొర ఉంది. వరసగా ఏ 168 గంటలు తీసుకున్నా 72 గంటలకి మించి పని ఉండకూడదు, ఒక షిఫ్ట్ 13 గంటలు దాటకూడదు, వరసగా నాలుగు నైట్స్‌కి మించి వెయ్యకూడదు, నైట్స్ ఎన్ని చేసినా అవి అయ్యాక 46 గంటలు రెస్ట్ ఇవ్వాలి. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో కాంట్రాక్టులు వేరే, అక్కడికి వెళ్ళేవాళ్ళు వాళ్ళ రూల్స్ విడిగా చదువుకోండి, నేను రాసేది ఇంగ్లండ్ సంగతి. ఇంకోటి, జూనియర్ డాక్టర్ అనే పేరు 2024 సెప్టెంబర్ నుంచి అధికారికంగా రెసిడెంట్ డాక్టర్ అయింది, పాత కాగితాల్లో పాత పేరే కనబడుతుంది, కంగారు పడకండి.

ఈ షిఫ్టుల గొడవ ఎక్కడ మొదలైందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పూర్వం ఆన్ కాల్ అంటే పగలు పని చేసి, రాత్రి హాస్పిటల్ గదిలోనే పడుకుని, పిలిస్తే లేచి వెళ్ళి, పొద్దున్నే మళ్ళీ వార్డ్ రౌండ్‌కి రావడం. మనిషి అలిసిపోయేవాడు, అది నిజం, కానీ రాత్రి చూసిన పేషెంట్ పొద్దున ఎలా ఉన్నాడో తనే చూసేవాడు, కన్సల్టెంట్ తన ముందే ఆ పేషెంట్‌తో మాట్లాడేవాడు. తర్వాత యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ 2000లో సీమాప్ కేసులోనూ 2003లో యేగర్ కేసులోనూ తేల్చి చెప్పింది ఏంటంటే, డాక్టర్ హాస్పిటల్లోనే ఉండాలని పెట్టినప్పుడు నిద్రపోయిన టైమ్ కూడా పని గంటల్లోకే వస్తుంది అని. దాంతో పాత పద్ధతి ఆన్ కాల్ లెక్కకి సరిపడక, చాలాచోట్ల ఫుల్ షిఫ్ట్, అంటే పగలు కొందరు రాత్రి ఇంకొందరు వంతులవారీగా పనిచేయడం, వచ్చేసింది. ఫలితం ఏంటంటే రాత్రి చూసిన డాక్టర్ పొద్దున ఇంటికి వెళ్ళిపోతాడు, నిర్ణయం సరైనదో కాదో తెలుసుకునే అవకాశం అతనితో పాటే ఇంటికి పోతుంది.

పాత రోజులే బాగున్నాయి అని నేను అనట్లేదు, దయచేసి అలా చదవకండి. నిద్ర లేని డాక్టర్ చావాలనుకుంటున్న మనిషి ఎదురుగా కూర్చుని వినలేడు, వినడమే మన పని. 2010లో సర్ జాన్ టెంపుల్ ఇచ్చిన టైమ్ ఫర్ ట్రైనింగ్ రిపోర్ట్ కూడా 48 గంటల్లో మంచి ట్రైనింగ్ సాధ్యమే అంది, కాకపోతే ట్రైనీలని ఎక్కువగా రాత్రి సర్వీస్ నడపడానికి వాడుకుని సూపర్‌విజన్ తక్కువ ఇచ్చే చోట అది జరగదు అని కూడా అంది. ఆ రెండో మాటే మీరు గుర్తు పెట్టుకోవాల్సింది.

రోటా రాగానే చేయాల్సిన లెక్క

కొత్త పోస్ట్ మొదలవడానికి ఎనిమిది వారాల ముందు వర్క్ షెడ్యూల్, ఆరు వారాల ముందు డ్యూటీ రోస్టర్ మీకు అందాలి, కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ అదే చెప్తుంది. రాకపోతే మర్యాదగా మెయిల్ పెట్టి అడగండి, మొహమాటపడితే నష్టపోయేది మీరే. వచ్చిన రోజే ఒక కాగితం మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా గీసుకుని, ఏ వారం ఏ పగలు మీరు వార్డులో ఉండరో కొట్టేస్తూ పోండి.

ఉదాహరణకి ఎనిమిది మంది ఉన్న ఫుల్ షిఫ్ట్ రోటా అనుకుందాం. ఎనిమిది వారాల్లో ఒకసారి సోమ నుంచి గురు దాకా నాలుగు నైట్స్, ఇంకోసారి శుక్ర శని ఆది మూడు నైట్స్. మొదటి దానికి సోమ మంగళ బుధ గురు పగళ్ళు పోతాయి, శుక్రవారం పొద్దున డ్యూటీ దిగి నిద్రపోతారు కాబట్టి అదీ పోతుంది, మొత్తం అయిదు. రెండో దానికి శుక్రవారం పగలు పోతుంది, సోమవారం పొద్దున దిగాక 46 గంటలు రెస్ట్ అంటే సోమ, మంగళ కూడా పోతాయి, మొత్తం మూడు. అంటే 40 పని రోజుల్లో ఎనిమిది రోజులు, అయిదో వంతు, ఒక్క నైట్స్ వల్లే పోయాయి. దీని మీద లీవ్ ఉంది, కొత్తగా ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో) చేరినవాళ్ళకి ఏడాదికి 27 రోజులు, బ్యాంక్ హాలిడేలు వేరే. వారానికోసారి ఎమ్మార్సీసైక్ కోర్స్‌కి పోయే టైమ్ ఉంది. ఆరు నెలల పోస్ట్ కాస్తా చూస్తుండగానే చిక్కిపోతుంది.

ఇప్పుడు అసలు పనికొచ్చే విషయం. ఈ లెక్కలో ఏ రోజు ఎన్నిసార్లు పోయిందో చూడండి. ఎనిమిది వారాల్లో సోమవారం రెండుసార్లు, మంగళవారం రెండుసార్లు, శుక్రవారం రెండుసార్లు పోయాయి, బుధ గురువారాలు మాత్రం ఒక్కొక్కసారే. అంటే ప్రతి వారం అదే టైమ్‌కి జరగాల్సిన పనులు, ముఖ్యంగా సైకోథెరపీ పేషెంట్, కన్సల్టెంట్ సూపర్‌విజన్, ఇవి బుధవారమో గురువారమో పెట్టుకుంటే సగం నష్టం ముందే తప్పుతుంది. మీ రోటా వేరేగా ఉండొచ్చు, అప్పుడు తక్కువ పోయే రోజులు కూడా వేరే అవుతాయి, అందుకే లెక్క మీరే వేసుకోవాలి. ఇది అరగంట పని, ఈ అరగంట పెట్టని వాళ్ళు ఆరు నెలలూ సెషన్లు వాయిదా వేస్తూ పేషెంట్‌కి సారీ చెప్తూ ఉంటారు.

షిఫ్ట్ మార్చుకునేటప్పుడు కూడా ఈ కాగితం పక్కన పెట్టుకోండి. పరీక్ష కోసమో ఊరెళ్ళడానికో నైట్స్ అటూ ఇటూ మారుస్తాం, తప్పదు, కానీ మార్చాక 168 గంటల్లో 72 దాటిందేమో, రెస్ట్ తగ్గిందేమో, సైకోథెరపీ రోజు ఎగిరిపోయిందేమో మూడూ చూసుకుని అప్పుడు ఒప్పుకోండి. 48 గంటల పరిమితి నుంచి ఆప్ట్ అవుట్ రాసిచ్చి, సగటున 56 దాకా లోకమ్, అంటే అదనపు షిఫ్టులు, చేసుకునే వీలు ఉంది, డబ్బు అవసరం ఎవరికైనా ఉంటుంది, వీసా ఖర్చులు పరీక్ష ఫీజులు నాకు తెలియనివి కావు. కాకపోతే లోకమ్ ఎప్పుడూ మీ పగటి ట్రైనింగ్ రోజుకి ముందు రాత్రి పెట్టుకోకండి, ఆ ఒక్క నియమం పాటించినా చాలు.

సైకోథెరపీ కేసు: అన్నిటికన్నా ముందు తెగేది ఇదే

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే గంటల పరిమితి మిగతా స్పెషాలిటీల మీద లేని విధంగా మన మీద పడేది ఇక్కడే. సర్జరీ ట్రైనీకి ఒక ఆపరేషన్ మిస్ అయితే ఇంకో రోజు ఇంకో ఆపరేషన్ దొరుకుతుంది. మన లాంగ్ కేస్, అంటే దీర్ఘకాలం నడిచే సైకోథెరపీ కేసు, అలా కాదు, 20 సెషన్లకి పైగా అదే మనిషి, అదే గది, అదే రోజు, అదే టైమ్. ఆ నిలకడే వైద్యంలో సగం. మధ్యలో మూడు వారాలకోసారి డాక్టర్ మాయమైతే, చిన్నప్పుడు వదిలేసి వెళ్ళిపోయిన తల్లిదండ్రుల గురించి మాట్లాడుతున్న మనిషికి అది రోటా సమస్య లాగా అనిపించదు, నువ్వూ వదిలేశావు అనిపిస్తుంది. ఆ కోపం, ఆ బాధ సెషన్‌లోకి వస్తాయి, దాన్ని సూపర్‌విజన్‌లో మాట్లాడుకుంటే నేర్చుకోవడానికి చాలా ఉంటుంది, పట్టించుకోకపోతే పేషెంట్ రావడం మానేస్తాడు.

చేయాల్సింది ఏంటంటే, కేసు ఒప్పుకునే ముందే మీ రోస్టర్ సైకోథెరపీ ట్యూటర్‌కి చూపించండి. నైట్స్ వల్ల కుదరని తేదీలన్నీ రాసుకుని, మొదటి సెషన్లలోనే పేషెంట్‌కి చెప్పండి, ఫలానా వారం ఉండను, ఫలానా వారం ఉండను అని. ముందు తెలిసిన గ్యాప్ పేషెంట్ తట్టుకుంటాడు, పొద్దున ఫోన్ చేసి చెప్పిన గ్యాప్ తట్టుకోలేడు. నైట్ చేసి దిగిన పొద్దున ఒక్క గంట ఉండి సెషన్ చేసేసి వెళ్దాం అని ఎంతమంది ప్రయత్నిస్తారో, దయచేసి చేయకండి, అది రెస్ట్ రూల్‌కి విరుద్ధం, పైగా కళ్ళు మూతలు పడుతుంటే పేషెంట్ గమనిస్తాడు. దానికి బదులు రోటా కోఆర్డినేటర్‌తో మాట్లాడి ఆ వారం నైట్స్ మార్పించుకునే ప్రయత్నం చేయండి, ట్రైనింగ్ అవసరం కోసం అని రాతపూర్వకంగా అడిగితే చాలామంది సహకరిస్తారు, ఎందుకంటే సైకోథెరపీ కేసులు కరిక్యులమ్‌లో తప్పనిసరి, పూర్తి కాకపోతే ఏఆర్‌సీపీలో (ఏటా జరిగే ట్రైనింగ్ సమీక్షలో) అడుగుతారు అని వాళ్ళకీ తెలుసు.

కోర్ మూడేళ్ళలో ఒక షార్ట్ కేస్, ఒక లాంగ్ కేస్ కావాలి కాబట్టి మొదటి ఏడాది బాలింట్ గ్రూప్‌లో, అంటే కేస్ బేస్డ్ డిస్కషన్ గ్రూప్‌లో, క్రమం తప్పకుండా కూర్చుంటూనే వెయిటింగ్ లిస్ట్‌లో పేరు రాయించుకోండి. మూడో ఏడాదికి వాయిదా వేస్తే క్యాస్క్ పరీక్ష (ఎమ్మార్సీసైక్‌లో క్లినికల్ భాగం), ఎస్టీ4 (కోర్ తర్వాతి హయ్యర్ ట్రైనింగ్) అప్లికేషన్, నైట్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి.

సూపర్‌విజన్ గంట

ప్రతి వారం మీ కన్సల్టెంట్‌తో ఒక గంట, ఒకరికి ఒకరు కూర్చుని, రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ దీన్ని ట్రైనింగ్‌లో తప్పనిసరి భాగంగా పెట్టింది, వేరే స్పెషాలిటీ వాళ్ళకి లేని అదృష్టం ఇది. కానీ నైట్స్ వారం ఎలాగూ పోతుంది, తర్వాతి వారం కన్సల్టెంట్ లీవ్, ఆ పై వారం ట్రైబ్యునల్ (నిర్బంధంలో ఉన్న పేషెంట్ కేసు విచారణ), ఇలా నెల గడిచిపోతుంది. మొదటి వారంలోనే ఇద్దరి డైరీలూ పక్కపక్కన పెట్టుకుని, పోయే గంటలకి బదులు గంటలు అప్పుడే రాసేసుకోండి. ఆ గంటలో వార్డు పనులు మాట్లాడకండి, ఎవరి బ్లడ్స్ ఎప్పుడు అనేది కారిడార్‌లో మాట్లాడొచ్చు. ఒక కేసు, మీకు ఎందుకు ఇబ్బందిగా అనిపించిందో, ఏ ఫార్ములేషన్ (సమస్య ఎందుకు వచ్చిందో మీ వివరణ) రాశారో, ఏ పేషెంట్ మీద మీకు విసుగొచ్చిందో, అవి తీసుకెళ్ళండి. గంటలు తక్కువగా ఉన్న ట్రైనింగ్‌లో ఈ గంట విలువ పెరుగుతుంది, తగ్గదు.

మొదటి నుంచి చివరిదాకా చూసే పేషెంట్లు

షిఫ్టుల్లో పనిచేసే ట్రైనీ చాలామంది పేషెంట్లని కొంచెం కొంచెం చూస్తాడు, ఎవరినీ పూర్తిగా చూడడు. మానియాతో వచ్చిన మనిషి మందు పనిచేసి కిందికి దిగడానికి వారాలు పడుతుంది, డిప్రెషన్ ఇంకా నెమ్మది. అడ్మిషన్ రోజు ఎమ్‌ఎస్‌ఈ (మానసిక స్థితి పరీక్ష) రాసి, మళ్ళీ డిశ్చార్జ్ లెటర్ రాసేటప్పుడు మాత్రమే చూస్తే మధ్యలో జబ్బు ఎలా కదిలిందో ఎప్పటికీ తెలీదు. అందుకే పోస్ట్ మొదట్లోనే కన్సల్టెంట్‌ని అడిగి నలుగురైదుగురు పేషెంట్లని మీవాళ్ళుగా తీసుకోండి. వార్డులో ఉన్న ప్రతి రోజూ మిగతా పని ఎంత ఉన్నా వాళ్ళతో పది నిమిషాలైనా కూర్చోండి, వాళ్ళ కుటుంబంతో మీరే మాట్లాడండి, డిశ్చార్జ్ మీటింగ్‌కి మీరే వెళ్ళండి, కుదిరితే కమ్యూనిటీ టీమ్ వాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు తోడు వెళ్ళండి. మీకు నైట్స్ ఉన్నప్పుడు వాళ్ళని చూసుకునే సహ ట్రైనీకి నోటితో హ్యాండోవర్ ఇవ్వండి, వచ్చాక అతన్ని కూర్చోబెట్టి ఏం మారింది అని అడగండి. మిగతా పేషెంట్లని నిర్లక్ష్యం చేయమని కాదు, లోతుగా చూసేవాళ్ళు కొందరైనా ఉండాలి అని.

రాత్రిని పనికొచ్చేలా చేసుకోవడం

రాత్రి డ్యూటీలో సైకియాట్రీ తక్కువ, మిగతా పని ఎక్కువ అనే ఫిర్యాదు నిజమే. డ్రగ్ చార్ట్ రాయడం, పడిపోయిన పెద్దాయన్ని చూడడం, ఈసీజీ, సెక్లూజన్ రివ్యూలు (విడిగా గదిలో ఉంచిన పేషెంట్‌ని చూడడం) నాలుగేసి గంటలకోసారి. ఏ అండ్ ఈలో (ఎమర్జెన్సీ విభాగంలో) సెల్ఫ్ హార్మ్‌తో వచ్చినవాళ్ళని చాలాచోట్ల లైజన్ నర్సులూ (జనరల్ హాస్పిటల్లో సైకియాట్రీ కేసులు చూసే నర్సులు) క్రైసిస్ టీమూ చూసేస్తున్నారు, పేషెంట్‌కి అది మంచిదే, వాళ్ళు బాగా చూస్తారు కూడా, కానీ ఎమర్జెన్సీలో ఒంటరిగా నిర్ణయం తీసుకునే అనుభవం మనకి తగ్గిపోయింది. దీనికి మందు ఏంటంటే అడిగి తెచ్చుకోవడం. రాత్రి డ్యూటీ మొదట్లోనే లైజన్ నర్సుకి ఫోన్ చేసి, ఇవాళ మీతో పాటు ఒకటి రెండు అసెస్‌మెంట్లకి కూర్చుంటాను, వార్డు కాల్ వస్తే వెళ్తాను అని చెప్పండి. పదేళ్ళుగా రోజూ ఆ పనే చేస్తున్న నర్సు ప్రశ్న ఎలా అడుగుతుందో వింటే పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది.

సీనియర్‌కి ఫోన్ చేసే పద్ధతి కూడా మార్చుకోండి. చాలామంది హిస్టరీ మొత్తం చదివి, ఏం చెయ్యమంటారు అంటారు. అలా కాకుండా ముందు మీ అంచనా చెప్పండి, ఈ మనిషికి ఇది అనుకుంటున్నా, రిస్క్ ఈ కారణాల వల్ల ఇంత అనుకుంటున్నా, ఇలా చేద్దామనుకుంటున్నా, మీరేమంటారు అని. ఒప్పుకున్నా కాదన్నా కారణం అడగండి. రెండు నిమిషాల ఫోన్ కాల్ టీచింగ్ అయిపోతుంది. సెక్షన్ 5(2), అంటే ఇన్‌పేషెంట్ వెళ్ళిపోకుండా డాక్టర్ ఆపగలిగే చట్టపరమైన అధికారం, లాంటిది వాడే పరిస్థితి వస్తే మరీ ముఖ్యం, ఎందుకంటే 72 గంటల దాకా ఒక మనిషి స్వేచ్ఛ మీ సంతకం మీద ఆగుతుంది, అది అప్పటికే ఇన్‌పేషెంట్‌గా ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది, ఏ అండ్ ఈలో కూర్చున్నవాళ్ళకి కాదు. అలాంటి నిర్ణయం తీసుకున్న రాత్రి ఇంటికెళ్ళే ముందు నాలుగు లైన్లు రాసుకోండి, పేరు నంబర్ ఏమీ లేకుండా, ఎందుకు అలా చేశాను అని, తర్వాతి సూపర్‌విజన్‌లో అదే కేస్ బేస్డ్ డిస్కషన్ అవుతుంది, ఇది బాలింట్ గ్రూప్ కాదు, ఒక కేసు మీద సీనియర్‌తో కూర్చుని చేసే అసెస్‌మెంట్.

పొద్దున హ్యాండోవర్‌లో పరిగెత్తకండి. రాత్రి చూసినవాళ్ళలో ఒక్కరి గురించైనా, ఈయన ఏమయ్యారో నాకు తర్వాత చెప్పండి అని డే టీమ్‌ని అడిగి పెట్టుకోండి. మీ కేర్‌లో లేని పేషెంట్ రికార్డ్ ఊరికే తెరిచి చూడకండి, లెర్నింగ్ కోసం చూడొచ్చో లేదో మీ ట్రస్ట్ పాలసీ ప్రకారం ముందు తెలుసుకోండి. మనిషిని అడిగి తెలుసుకుంటే ఆ చిక్కే ఉండదు. ఎన్ని ఎమర్జెన్సీ కేసులు చూశారో, ఏ రకంవో లాగ్ రాస్తూ ఉండండి, పోర్ట్‌ఫోలియోలో అడుగుతారు. లాగ్‌లో సంఖ్య తక్కువగా ఉందని కనబడితే పగలు క్రైసిస్ టీమ్‌తోనో లైజన్‌లోనో కొన్ని రోజులు కావాలని కన్సల్టెంట్‌ని అడగడానికి అదే ఆధారం.

ఇంటికి వెళ్ళడం గురించి ఒక మాట. నైట్ తర్వాత డ్రైవ్ చేసే స్థితిలో లేరంటే హాస్పిటల్ మీకు పడుకోవడానికి చోటు గానీ ఇంటికి చేరే వేరే ఏర్పాటు గానీ చూడాలి, కాంట్రాక్ట్‌లో ఉంది. అడగండి. సిగ్గుపడే విషయం కాదు ఇది.

ఎక్సెప్షన్ రిపోర్ట్ రాయడానికి భయపడకండి

ఎక్సెప్షన్ రిపోర్ట్ అంటే వర్క్ షెడ్యూల్ ప్రకారం జరగనిదాన్ని రాసి పంపడం. గంటలు ఎక్కువైతే రిపోర్ట్ చేయాలని అందరికీ తెలుసు, కానీ ట్రైనింగ్ మిస్ అయినా రిపోర్ట్ చేయొచ్చని చాలామందికి తెలీదు. వార్డులో మనుషులు లేరని టీచింగ్‌కి పంపలేదు, సూపర్‌విజన్ రద్దయింది, బాలింట్ గ్రూప్ టైమ్‌లో బ్లీప్ (డ్యూటీ పేజర్) పట్టుకోమన్నారు, ఇవన్నీ ఎక్సెప్షన్ రిపోర్ట్‌లే. గంటల సంగతి గార్డియన్ ఆఫ్ సేఫ్ వర్కింగ్ అవర్స్ చూస్తారు, ట్రైనింగ్ మిస్ అయిన సంగతి డైరెక్టర్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్ దాకా వెళ్తుంది. బయటి దేశం నుంచి వచ్చిన మనకి ఫిర్యాదు చేస్తే చెడ్డపేరు వస్తుందేమో, రిఫరెన్స్ పాడవుతుందేమో అని భయం, అది నేను చాలామందిలో చూశాను, అర్థం చేసుకోగలను. కానీ ఇది మనిషి మీద ఫిర్యాదు కాదు, రోటా మీద రికార్డు. రిపోర్టులు లేని వార్డులో సమస్య లేనట్టే లెక్క, తర్వాత వచ్చే ట్రైనీకి కూడా అదే రోటా ఇస్తారు.

రాసేటప్పుడు కోపం వద్దు, జరిగింది రాయండి. "బుధవారం రెండింటికి ఉండాల్సిన కేస్ డిస్కషన్ గ్రూప్‌కి వెళ్ళలేకపోయాను, వార్డులో ఇంకో డాక్టర్ లేరు, ఇది ఈ నెలలో రెండోసారి", ఇంత చాలు. జరిగిన వారంలోనే పెట్టేయండి, ఆలస్యం చేస్తే మర్చిపోతారు. మళ్ళీ మళ్ళీ అదే జరుగుతుంటే వర్క్ షెడ్యూల్ రివ్యూ అడగండి, రెసిడెంట్ డాక్టర్స్ ఫోరమ్‌లో ఎత్తండి. ఏటా వచ్చే జీఎమ్‌సీ (డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ) నేషనల్ ట్రైనింగ్ సర్వే కూడా నిజాయితీగా నింపండి, డీనరీ (ట్రైనింగ్ నడిపే సంస్థ) వాళ్ళు ఆ ఫలితాలు చూసే హాస్పిటల్‌ని నిలదీస్తారు.

హయ్యర్ ట్రైనీలకి వేరే లెక్క

ఎస్టీ4 నుంచి ఎస్టీ6 దాకా, అంటే కోర్ తర్వాతి మూడేళ్ళలో, చాలాచోట్ల ఇంటి దగ్గర్నుంచే ఆన్ కాల్ ఉంటుంది, నాన్ రెసిడెంట్. ఇందులో 24 గంటల్లో ఎనిమిది గంటల రెస్ట్, అందులో రాత్రి పదికీ పొద్దున ఏడుకీ మధ్య వరసగా అయిదు గంటలు దొరకాలి. దొరక్కపోతే ఆ రెస్ట్‌కి బదులు టైమ్ మర్నాడే తీసుకోవాల్సి వస్తుంది, అంటే మర్నాడు క్లినిక్ ఎగిరిపోతుంది. పాపం కొత్త పేషెంట్ రెండు నెలలు ఎదురుచూసి వస్తే డాక్టర్ ఉండడు. కాబట్టి ఆన్ కాల్ మర్నాడు పొద్దున కొత్త అసెస్‌మెంట్లు పెట్టుకోకండి, రిపోర్టులు, ఆడిట్ పని లాంటివి పెట్టుకోండి, వాయిదా పడినా ఎవరికీ నష్టం ఉండదు. స్పెషల్ ఇంటరెస్ట్ సెషన్లు (మీకు ఆసక్తి ఉన్న విషయానికి కేటాయించిన పూటలు) కూడా ఆన్ కాల్ మర్నాడు రాకుండా చూసుకోండి, చాలామంది హయ్యర్ ట్రైనీలకి ముందు పోయేవి అవే.

కన్సల్టెంట్లకి, రోటా వేసేవాళ్ళకి

ఇది చదివే కన్సల్టెంట్లు ఉంటే ఒక్క విన్నపం. ట్రైనీ ఎప్పుడు ఉండడో చూసి మీ వార్డ్ రౌండ్ రోజు మార్చగలరేమో చూడండి, కుదరకపోతే కనీసం నైట్స్ తర్వాత వచ్చిన మొదటి రోజు పది నిమిషాలు కూర్చోబెట్టి, నువ్వు అడ్మిట్ చేసినావిడ ఇప్పుడిలా ఉంది, నేను మందు ఎందుకు మార్చానంటే అని చెప్పండి. పాత రోజుల్లో పొద్దున రౌండ్‌లో దానంతట అదే జరిగిన పాఠం ఇప్పుడు ఎవరో ఒకరు పూనుకుంటేనే జరుగుతుంది. రోటా వేసేవాళ్ళు నైట్స్ ఒకే రోజుల మీద పడకుండా, కేస్ డిస్కషన్ గ్రూప్ రోజున పగటి కవర్ వేరే వాళ్ళకి ఉండేలా చూస్తే చాలా పెద్ద సాయం.

పోస్ట్ మారేటప్పుడు

ఆగస్టు, ఫిబ్రవరి మొదటి బుధవారాల్లో పోస్టులు మారతాయి, వార్డు మారుతుంది, రోటా మారుతుంది, కానీ సైకోథెరపీ పేషెంట్ మారరు. కొత్త పోస్ట్ రోస్టర్ రాకముందే కొత్త రోటా కోఆర్డినేటర్‌కీ కొత్త కన్సల్టెంట్‌కీ మెయిల్ పెట్టండి, నాకు ఫలానా రోజు ఫలానా టైమ్‌కి సైకోథెరపీ సెషన్ నడుస్తోంది, దాని తర్వాత సూపర్‌విజన్ ఉంటుంది, ప్రయాణానికి ఇంత టైమ్ పడుతుంది, ఆ పూట వదిలి రోటా వేయగలరా అని, సైకోథెరపీ ట్యూటర్‌ని కూడా కాపీలో పెట్టి. రోస్టర్ వచ్చేశాక అడిగితే ఎవరితోనో షిఫ్ట్ మార్చుకోమంటారు, రాకముందు అడిగితే అందులోనే వేసేస్తారు. పాత వార్డులో మీరు మొదటి నుంచి చూస్తున్న ఆ నలుగురైదుగురికి ఫలానా తారీఖు దాకే ఉంటానని కనీసం రెండు వారాల ముందు చెప్పండి, తర్వాత వచ్చే ట్రైనీ పేరు తెలిస్తే అదీ చెప్పండి, వీలైతే ఇద్దరూ కలిసి ఒకసారి వెళ్ళి కూర్చోండి.